మా అత్త సోమవారం వంతు

పోయినవాటి లెక్క ముందు చెబుతాను. ఒక కుడి కన్ను. లాలెప్ప అనే ముసలాయన పన్ను ఒకటి. కదలకుండా వెల్లకిలా పడుకోవడంలో గడిచిన రోజులు ముప్పై ఏడు. పొయ్యి ముట్టించకుండా దాటిపోయిన సోమవారాలు తొంభై మూడు. ఒక సందులో నాకుండిన మర్యాద. ఈ చివరిదాన్ని అంకెలో ఎలా రాయాలో తెలియక విడిగా పెడుతున్నాను.

కన్ను మా అత్త ఈరమ్మది. మా నాయనకు అక్క. నా అంచనాలో అరవై ఎనిమిదేళ్లు. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. నా పేరు నాగన్న. ఆదోనిలో పత్తి నుంచి గింజ తీసే ఒక జిన్నింగ్ మిల్లులో దూది బేళ్ల లెక్క రాస్తాను. బడికి పోలేదు. బేళ్ల మీద నల్లరంగుతో వేసే అంకెలు చూసి లెక్క నేర్చుకున్నాను, అక్షరాలు ఆ తర్వాత వచ్చాయి. ఇంట్లో పెద్దవాళ్లకు కంటి ఆపరేషన్ చేయించబోయేవాళ్లు చదవాలని ఇది రాస్తున్నాను. ఇందులో నన్ను మెచ్చుకోవలసింది ఏమీ లేదు.

మా అత్త ఉండేది మిల్లుల వెనక సందులో, ఒంటరిగా, ఒక గదిలో. ఆ సందులో అలా ఒంటరిగా ఉండే ముసలివాళ్లు ఏడుగురు. వారానికి రోజులు ఏడు. రోజుకొకరు ఏడుగురికీ వండుతారు. దాన్ని వంతు అంటారు. పళ్లు లేనివాళ్లకు రొట్టె కుదరదు గనుక జొన్న సంగటి, నంజుకోవడానికి రోట్లో నూరిన ఊరిమిండి, ఉంటే పుంటికూర పప్పు. ఒక పొయ్యి వెలిగితే ఆరు పొయ్యిల కట్టెలు మిగులుతాయి. ఇంకొక పని కూడా జరుగుతుంది. పొద్దెక్కినా ఎవరి గిన్నె రాలేదో ఆ తలుపు తడతారు. అలా ఇద్దరిని జ్వరంలో పడి ఉండగా సకాలంలో చూశారు. ఇది ఊరి పెద్దలు పెట్టింది కాదు, మున్సిపాలిటీ పెట్టింది కాదు. ఆ ఏడుగురే పెట్టుకున్నారు.

నియమాలు రెండు. ఎవరి వంతు వాళ్లే వండాలి. వంతు లేనివాళ్లకు ముద్ద లేదు. ఈ రెండింటికీ కాపలా తిమ్మక్క. డెబ్బై దాటిన మనిషి, గొంతు మాత్రం మిల్లు కూత లాంటిది. మా అత్త గది ఎదురుగా ఉంటుంది.

మా అత్త వంతు సోమవారం. కార్తీకమాసంలో ఒక సోమవారం మధ్యాహ్నం భోజనానికి వదిలినప్పుడు ఆమెను చూసి పోదామని ఆ సందుకు వెళ్లాను. ఏడుగురూ అరుగు మీద కూర్చుని తింటున్నారు. లాలెప్ప ఉన్నట్టుండి నమలడం ఆపి, నోట్లో వేలు పెట్టి, ఒక రాయినీ ఒక పన్నునూ తీసి అరచేతిలో పెట్టుకుని నాకు చూపించాడు.

"నాలుగుండె. ఇప్పుడు మూడు. లెక్కలోడివి కదప్పా, రాసుకో" అన్నాడు.

తిమ్మక్క గిన్నె కింద పెట్టింది.

"ఈరమ్మా, పోయిన వారం పప్పులో పురుగు. అంతకు ముందు వారం ఉప్పు రెండుసార్లు ఏసినావు. ఈ పొద్దు రాయి. నీకు కండ్లు కనపడ్తాండాయా, లేదా?"

"కనపడ్తాండాయి."

"ఇవి ఎన్ని సెప్పు." తిమ్మక్క చెయ్యెత్తి వేళ్లు చూపించింది.

"మూడు."

నేను చూస్తూనే ఉన్నాను. అవి రెండు.

"మూడే" అని మా అత్త ఈసారి గట్టిగా అంది. ఎవరూ నవ్వలేదు. నాకు తేడా తెలిసింది ఆ రోజే. అంతకు ముందు కొన్ని నెలలుగా ఆమె దీపం చుట్టూ ముళ్లు ముళ్లుగా కనపడుతున్నాయని అంటూ ఉండేది. బుడ్డి మార్చమని చెప్పి ఊరుకున్నాను.

"వచ్చే సోమవారం నుంచి నీ వంతు లేదు. గిన్నె తేవద్దు" అని తిమ్మక్క తేల్చేసింది.

నేను కలగజేసుకున్నాను. సోమవారాలు మా ఇంటామె వచ్చి వండుతుందని చెప్పాను.

"నీ పెండ్లాం వస్తే రేపు లాలెప్ప కోడలు వస్తాది. ఎల్లుండి కోడండ్లంతా ఈడ కూసోని ఎవురి అత్త ఎంత తింటాందో కొలుస్తారు. మాకొద్దు."

"అయితే ఈమె ఏం తినాల?"

"నువ్వుండావు కదా. తీస్కపో. పెంచినామె కాదా?"

"నేను యాడికీ రాను" అని మా అత్త అంది. "నా గది ఈడ. నా సోమవారం ఈడ."

ఆ రోజు నుంచి మా ఇంటి నుంచి రోజూ గిన్నె పంపేవాళ్లం. సగం తిని సగం తిప్పి పంపేది. ఎదురుగా అరుగు మీద ఆరుగురు తింటూ ఉండేవాళ్లు. ఆమె తలుపు మూసుకుని తినేది. మా వీధికి వచ్చేయమని నా భార్య ఎన్నోసార్లు బతిమాలింది. "మీ కూడు తిని కూసోడానికి నేనేం మంచం పట్టినానా?" అని ఒకటే జవాబు. నాకు తిమ్మక్క మీద కోపం పుట్టింది అప్పుడే. ముసలితనంలో ఒక మనిషిని పంక్తి నుంచి లేపడం ఏమి న్యాయమని సందులో నలుగురి ముందూ అడిగాను. ఆమె నా మాట విననట్టే చాటలో జొన్నలు చెరుగుతూ కూర్చుంది.

మరుసటి వారం ఊళ్లో ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరుగారు ఒక కన్ను మూయించి, వేళ్లు చూపిస్తూ వెనక్కి నడిచారు. ఎన్ని అడుగుల దూరంలో వేళ్లు లెక్కపెట్టగలదో అదే కొలత. కుడి కన్ను నాలుగు అడుగులు. ఎడమ కన్ను తొమ్మిది.

"కాటరాక్ట్, శుక్లం. రెండు కళ్లకూ ఉంది. కుడిది ముందు. ఇంకా మెచ్యూర్ కాలేదు, ఇప్పుడే కోయకూడదు."

"ఎన్ని దినాలు సార్?"

"దినాల లెక్క చెప్పలేం నాగన్నా. శుక్లం కాయలా ముదరాలి, అంతే."

లెక్క చెప్పలేమంటే నాకు నిద్ర పట్టదు. ఆమె గదిలో నేల మీద సుద్దతో అడుగుకొక గీత గీశాను. పదిహేను రోజులకొకసారి వెళ్లి వేళ్లు చూపించేవాణ్ణి. నాలుగు అడుగులు మూడయింది. మూడు రెండయింది. ఏడో నెలకు కుడి కంటికి వెలుగు, చీకటి తప్ప ఏమీ లేవు.

అప్పుడే ఊరి వర్తకులు ధర్మశాలలో ఉచిత కంటి శిబిరం పెట్టించారు. బయటి ఊరి నుంచి డాక్టర్లు వచ్చారు. చుట్టుపక్కల పల్లెల నుంచి బండ్ల మీద ముసలివాళ్లు వచ్చారు. చాపల మీద వరసగా పడుకోబెట్టి, తల కదలకుండా అటొక ఇసుక సంచి, ఇటొక ఇసుక సంచి పెట్టారు. ఆపరేషన్ అయ్యాక డాక్టరు ఒక్కొక్కరి దగ్గరా వంగి ఒకే మాట చెప్పాడు: "దగ్గొద్దు. తుమ్మొద్దు. నమలొద్దు." ఎనిమిది రోజులు మా అత్త గంజి తాగి, కప్పు వైపు ముఖం పెట్టి, రాయిలా పడి ఉంది. ఆ ఎనిమిది రోజులూ దగ్గు వస్తే నోట్లో చీర కొంగు కుక్కుకుని ఆపుకుంది. అంత ఓర్పు నేను ఎవరిలోనూ చూడలేదు. దాన్నంతా నేను నాలుగు రోజుల్లో పాడుచేశాను.

ఇంటికి పంపేటప్పుడు అచ్చు వేసిన కాగితం ఒకటి ఇచ్చారు. ఏడు సూచనలు. ఆ వరసలో చదవడం వచ్చినవాళ్లం ముగ్గురమో నలుగురమో. నేను పక్కవాళ్లకు కూడా చదివి వినిపించాను. ఏడింటిలో ఆరు అక్షరం తప్పకుండా పాటించాను. తప్పింది అయిదోది. మందుల షాపులో నీలికాగితం చుట్టి అమ్మే స్టెరిలైజ్ చేసిన దూదితోనే కన్ను తుడవాలని అందులో ఉంది.

ఆదోనిలో దూది కొనడమేమిటని నవ్వుకున్నాను. ఆ మాట చదివి వినిపిస్తే చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. మా ఊళ్లో దూది గాలిలో ఎగురుతుంది. బట్టల మీద, కనుబొమల మీద, అన్నం మీద వాలుతుంది. కొనుగోలుదారులకు చూపించడానికి బేలు బేలు నుంచీ పిడికెడు నమూనా తీసేది నేనే. మొదటి రకం దూది ఏదో కళ్లు మూసుకుని వేళ్లతో చెప్పగలను. మూడు వందల పదహారో నంబరు బేలు నుంచి మంచులా తెల్లగా ఉన్న దూది ఒక సంచిలో తెచ్చాను. షాపు దూది కంటే ఇదే మేలని గట్టిగా నమ్మాను. మూడు పూటలా చేతులు సబ్బుతో కడుక్కుని, నీళ్లు కాచి చల్లార్చి, ఆ దూదితో కంటి నీరు తుడిచి, కొత్త దూది పెట్టి కట్టు కట్టాను.

మూడో రోజు సాయంత్రం తిమ్మక్క వచ్చింది. గడప లోపల ఒక అడుగు పెట్టి నిలబడింది. తర్వాత దగ్గరికొచ్చి మా అత్త గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకు తిప్పి చూసింది.

"కట్టు తడిగా ఉండాదే" అంది నాతో.

"డాక్టరువా నువ్వు?" అన్నాను.

తిరిగి గడప దాటి వెళ్లిపోయింది. ఆ మాట ఆమె అన్నప్పుడే కట్టు విప్పి చూసి ఉంటే ఒక పూట ముందుగా ఆసుపత్రికి పోయేవాళ్లం. ఒక పూటతో ఏమైనా మారేదో లేదో నాకు తెలియదు. డాక్టరును అడగలేదు.

నాలుగో రోజు తెల్లవారుజామున మా అత్త నొప్పితో తల గోడకు కొట్టుకుంది. కట్టు విప్పితే రెప్ప నిమ్మకాయంత వాచి ఉంది. దూది కింద చీము. తెల్లారగానే జట్కాలో ఊళ్లో ఆసుపత్రికి తీసుకుపోయాను. మొదట వేళ్లు చూపించిన డాక్టరుగారే చూశారు. నా చేతిలోని దూది సంచి వైపు చూసి, "ఇదెక్కడిది?" అన్నారు.

"మా మిల్లుది సార్. ఫస్ట్ క్లాస్" అన్నాను.

ఆయన గిన్నెలో నీళ్లు తెప్పించి నా దూది చిటికెడు అందులో వేశారు. అది తేలింది. వేలితో నొక్కారు, మళ్లీ పైకొచ్చింది. నీలికాగితం చుట్టలోంచి చిటికెడు తీసి వేశారు. అది నీళ్లు పీల్చుకుని అడుక్కి పోయింది.

"మిల్లు దూదికి గింజ నుంచి వచ్చే మైనం ఉంటుంది. నీళ్లే తాగని దూది చీము తాగుతుందా? కంటినీరు లోపలే నిలిచిపోయింది. దాని మీద మీ మిల్లు దుమ్ము. ఇన్‌ఫెక్షన్ లోపలికి పోయింది."

ఇరవై రెండేళ్లుగా దూదితో బతుకుతున్న నాకు ఆ సంగతి తెలియదు.

పదిహేడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాము. పెన్సిలిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఆరో రోజు డాక్టరుగారు నన్ను వరండాలోకి పిలిచారు. "కన్ను తీసేయాలి. ఉంచితే రెండో కంటికి కూడా ప్రమాదం." కాగితం మీద సంతకం చేశాను. అది నా చేత్తో చేసిన సంతకాల్లో ఎన్నోదో లెక్క పెట్టలేదు.

ఇంటికి వస్తుండగా జట్కాలో మా అత్త అడిగింది. "నాగా, ఆపరేషన్ అయినప్పుడు బాగనే ఉండె కదా. ఎట్ల సెడింది?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. జవాబు వెతుక్కోవడానికి పదిహేడు రోజులు దొరికాయి. జట్కా సందులోకి తిరిగింది. తిమ్మక్క తన గడప మీద నిలబడి మా వైపే చూస్తోంది.

"తిమ్మక్క వచ్చి ముట్టె కదా. ఆ సేతులతో" అన్నాను.

నోట్లోంచి తేలిగ్గా వచ్చింది. చెప్పాక గుండె బరువు కూడా దిగింది. ఈ మాట సిగ్గుతో రాస్తున్నాను. కానీ రాయకపోతే లెక్క తప్పుతుంది.

ఆ సాయంత్రానికే తిమ్మక్క చెవిన పడింది. వచ్చి గుమ్మం బయట నిలబడింది.

"నేను ముట్టింది గడ్డం. కన్ను గడ్డంలో ఉంటాదాప్పా?"

"కట్టు కింద వేలు పెట్టినావు. నేను సూసినా."

"సూసినావా?"

"సూసినా."

"సరే" అని వెళ్లి తలుపు వేసుకుంది.

మరునాటి నుంచి మా అత్త రోజూ పొద్దున్నే కల్లాపి చల్లి, ఎదుటి తలుపు వైపు తిరిగి, "ముట్టినోళ్ల సేతులు పడిపోను" అని ఒక్క మాట అనేది. ఒక్క మాటే. మిల్లు కూత ఎలా తప్పదో అలా ఆ సందులో ఉన్నన్నాళ్లూ ఒక్క రోజు తప్పలేదు. ఎదుటి తలుపు నుంచి జవాబు ఎప్పుడూ రాలేదు. సందులో వాళ్లు రెండుగా చీలారు. లాలెప్ప నన్ను చూసి ముఖం తిప్పుకునేవాడు. కొళాయి దగ్గర మాట్లాడుకుంటున్నవాళ్లు నేను రాగానే నోరు మూసుకునేవాళ్లు. నేను కూడా మెడ వంచలేదు. తిమ్మక్క ముసలిదాని కన్ను పోగొట్టి మాట్లాడకుండా కూర్చుందని నేనే పది మందికి చెప్పాను. ఎన్నిసార్లు చెబితే అంత నిజంలా అయింది.

నేల మీద సుద్ద గీతలు మళ్లీ దిద్దాను. ఎడమ కన్ను తొమ్మిది అడుగుల నుంచి ఆరు, ఆరు నుంచి మూడు. కుడి కన్ను పోయాక పదో నెల చివరికి అదీ ముదిరింది. కర్నూలు పోదామంటే మా అత్త ఒప్పుకోలేదు.

"ఒకటి పోయింది సాలదా? ఉండే వెలుగన్నా ఉండనీ."

"వంతు వద్దా నీకు?" అన్నాను.

ఆ రాత్రి మా ఇంటి గిన్నె పూర్తిగా తిప్పి పంపింది. మరునాడు నా భార్యతో, "బస్సు ఎప్పుడుండాదో అడుగు" అందట.

మా తాలూకా బళ్లారి జిల్లా నుంచి కర్నూలుకు మారి కొన్నేళ్లే అయింది. కర్నూలు ఆసుపత్రి నాకు కొత్త. నీలికాగితం దూది చుట్టలు నాలుగు కొని సంచిలో పెట్టుకుని వెళ్లాను. అక్కడి నర్సు వాటిని చూసి, "మేమిస్తాం కదయ్యా" అంది. అయినా ఒక్కొక్క చుట్టలోంచి చిటికెడు తీసి చెంబు నీళ్లలో వేసి చూశాను. నాలుగూ మునిగాయి. ఆపరేషన్ బాగా జరిగింది. పన్నెండు రోజులు పడుకోబెట్టారు.

కుదుపు తగలకూడదని డాక్టరు చెప్పినందువల్ల తిరుగు ప్రయాణంలో ఎమ్మిగనూరులో దిగి, నా బావమరిది ఇంట్లో మూడు రోజులు ఆగాము. వాళ్లు మగ్గం నేసేవాళ్లు. రెండో రోజు బావమరిది తల్లి మా అత్త పక్కన కూర్చుని మొదటి కన్ను ఎలా పోయిందని అడిగింది. నేను వాకిట్లో బీడీ కాలుస్తున్నాను. లోపలి మాటలు వినపడుతున్నాయి.

"మా ఎదురింట్లో తిమ్మక్క అని ఒకతె ఉండాది. నాకు వంతు లేకుండ సేసింది సాలక, కట్టు ఇప్పి ఏదో ఆకు పసరు పిండింది. మా నాగడు కండ్లారా సూసినాడు."

పసరు మాట నేను చెప్పలేదు. అది ఆమె చీకట్లో పడుకుని కలుపుకున్నది. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పద్దెనిమిది మైళ్లు. నేనన్న ఒక్క మాట అంత దూరం నడిచి, దారిలో పెరిగి, నా భార్య పుట్టింట్లో కూర్చుంది. ఆ ముసలామె బయటికొచ్చి, "అట్లాంటి దాన్ని పోలీసులకు పట్టీలేదేం నాయనా?" అని నన్ను అడిగింది. బీడీ ఆర్పి, బస్సు వేళ కనుక్కునే నెపంతో వీధిలోకి పోయాను.

ఆరు వారాల తర్వాత కళ్లజోడు వచ్చింది. అద్దాలు గాజుగోలీల్లా మందం. ఆమె వాటిలోంచి ఇరవై అడుగుల దూరంలో నా వేళ్లు లెక్కపెట్టింది. అయినా కష్టాలు తీరలేదు. ఆ జోడులో అన్నీ పెద్దగా, దగ్గరగా కనపడతాయి. చెంబు అందుకోబోయి ముందే చెయ్యి మూసేది. నీళ్లు బిందె బయట పోసేది. గడప దాటబోయి రెండుసార్లు పడింది. "అలవాటు కావాలి, రెండు నెలలు పడుతుంది" అని డాక్టరు ముందే చెప్పాడు.

ఆ రెండు నెలలూ ఆమె అలవాటు చేసుకున్నది రాళ్లతోనే. నా భార్య రోజూ ఒక శేరు జొన్నల్లో లెక్కపెట్టి ఇరవై చిన్న రాళ్లు కలిపి ఇచ్చేది. మొదటి రోజు పదకొండు ఏరింది. వారానికి పద్నాలుగు. నెలకు పద్దెనిమిది. ఒక సోమవారం నాడు ఇరవై ఒకటి ఏరి పళ్లెంలో పెట్టింది. ఆ ఒకటి మేము కలిపింది కాదు, జొన్నల్లోనే ఉండింది.

"పోయి సెప్పు తిమ్మక్కకు. నా వంతు నాకియ్యమని" అంది.

మరునాడు పొద్దున వెళ్లాను. తిమ్మక్క పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఆ తొంభై మూడు సోమవారాలూ మా అత్త బదులు వండింది ఆమేనని నాకు తెలుసు. వారానికి రెండు రోజులు. ఆ సంగతి ఎవరూ ఎత్తేవాళ్లు కారు, నేను అసలే ఎత్తలేదు.

"ఈరమ్మకు కండ్లు వచ్చినాయని విన్నా. మంచిది" అంది, పొయ్యిలోంచి కళ్లు ఎత్తకుండానే. "వంతు ఈడనే ఉండాది, నేనేం తినలేదు. కానీ ఆమె వండింది నేను తినాల, నేను వండింది ఆమె తినాల. నా సేతులు పడిపోవాలంటాంది. ఆ సేతి ముద్ద ఎట్ల తింటాది?"

"నేను ఆమెకు సెప్తా, ఇంక అనొద్దని."

"అది కాదు నువ్వు సెప్పాల్సింది. నేను కన్ను ముట్టలేదని నాకు తెలుసు. నువ్వు సూసినానన్నావు. లేనిది ఎట్ల సూసినావో అది సెప్పు. నాకు కాదు, ఈరమ్మకు. ఆమె ఎదురుగా, నా ఎదురుగా."

"సెప్పకపోతే?"

"సెప్పకపోతే నీ పెండ్లాం ఉండాది కదా, గిన్నె పంపడానికి."

ఆమె నన్ను ఏమీ తిట్టలేదు. తిట్టి ఉంటే తిరిగి తిట్టి వచ్చేసేవాణ్ణి. ఎదురింట్లో మా అత్త పళ్లెం ఒళ్లో పెట్టుకుని, జోడు సరిచేసుకుంటూ, నేను ఏ కబురుతో వస్తానోనని గుమ్మం వైపు చూస్తోంది. ఆమెకు ఆ దూరం ఇప్పుడు కనపడుతుంది. నా ముఖం కూడా కనపడుతుంది.

తిమ్మక్కను వెంటబెట్టుకుని సందు దాటి వెళ్లాను. లాలెప్ప పిలవకుండానే వచ్చి గోడకు ఆనుకున్నాడు. నిలబడే చెప్పాను. మిల్లు దూది, అయిదో సూచన, నీళ్ల గిన్నె, తేలడం, మునగడం. తిమ్మక్క గడ్డం తప్ప ఏమీ ముట్టలేదని, కట్టు తడిగా ఉందని చెప్పింది ఆమేనని, నేను వినలేదని.

మా అత్త జొన్నల్లో వేలు తిప్పుతూ వింది.

"దూది తెలీక పెట్టినావు" అంది. "నేనైనా అదే పెట్టిందును. ఆదోనిలో ఎవురైనా అదే పెడ్తారు. దానికి నిన్నేమీ అనను. కానీ రోజూ పొద్దున లేసి నేను ఈమెను శపిస్తాంటే వింటా ఉండినావు. అది తెలిసే సేసినావు."

పళ్లెం పక్కన పెట్టి అడిగింది.

"ఎన్ని దినాలు?"

"నాలుగు నూర్ల పన్నెండు."

"లెక్క పెట్టినాడు సూడు" అన్నాడు లాలెప్ప గోడ దగ్గర నుంచి. "దొంగతనం సేస్తా కూడా రాసుకుంటాడు వీడు."

మా అత్త జోడు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. "తిమ్మక్కా, నేనన్న మాటలు వెనక్కి రావు. నా పెంపకం కాబట్టి వాటి బాకీ వీడితో కట్టిస్తా. నాలుగు నూర్ల పన్నెండు బిందెలు. రోజుకొకటి. కొళాయి నుంచి నీ తొట్టిలోకి."

"కూలోళ్లను పెడ్తాడు" అంది తిమ్మక్క.

"తనే మొయ్యాల."

రోజుకు నాలుగు మోసి తొందరగా ముగిస్తానన్నాను. ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు. అన్నది రోజుకొకటి గనుక మోసేది కూడా రోజుకొకటే అన్నారు. ఆ ఒక్క విషయంలో వాళ్లిద్దరికీ అప్పుడే పొత్తు కుదిరింది.

తర్వాతి సోమవారం మా అత్త పొయ్యి ముట్టించింది. ఏడుగురూ తిన్నారు. లాలెప్ప మూడు పళ్లతో జాగ్రత్తగా నమిలి, "రాళ్లు లేవు. ఉప్పు సాల్లేదు" అన్నాడు. ఇప్పటికి ఒక్క సోమవారం కూడా తప్పలేదు. మంగళవారం తిమ్మక్క వండుతుంది, మా అత్త గిన్నె పట్టుకుని వెళ్తుంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు. పెద్దగా మాట్లాడుకోవడం నేను చూడలేదు. మా ఇంటి గిన్నె మాత్రం ఆమె ఆ రోజు నుంచి ముట్టలేదు. కళ్లజోడు మర వదులైతే నన్నే పిలుస్తుంది. బిగించాక పొమ్మంటుంది.

చదివేవాళ్లకు చెప్పదగింది ఒకటే ఉంది. కంటికి గానీ పుండుకు గానీ దూది పెట్టే ముందు, మీది ఏ ఊరైనా, అది ఎంత తెల్లగా ఉన్నా, చిటికెడు తీసి నీళ్లలో వేయండి. తేలితే పారేయండి. మునిగినా మందుల షాపులో కాగితం విప్పని చుట్టదైతేనే వాడండి. డాక్టర్లు అచ్చు వేసి ఇచ్చే కాగితంలో మీకు నవ్వు తెప్పించే సూచన ఏదైనా ఉంటే, దాన్ని మిగతావాటికంటే ముందు పాటించండి.

నా సంగతి. వేసవిలో కొళాయి ఎండిపోయి గంటసేపే వచ్చిన రోజుల్లో కూడా చీకటితో లేచి వరసలో నిలబడ్డాను. తిమ్మక్క గడప మీద కూర్చుని బిందె మెడ దాకా నీళ్లున్నాయో లేదో చూస్తుంది. దారిలో ఒలికితే, "ఇది లెక్కలోకి రాదప్పా" అని తొట్టిలో పోయించుకుని మరీ లెక్కలోంచి కొట్టేస్తుంది. బిందె కింద నెత్తిన గుడ్డచుట్ట సరిగా పెట్టుకోవడం ఆమే నేర్పింది, తిడుతూ. మొన్న దగ్గుతూ కూర్చుని, "ఇవన్నీ అయ్యేదాకా నేనుంటానా?" అంది. "ఉండాల" అన్నాను. "ఉంటా, నీకోసమన్నా" అంది. ఆ మాటలో దయ ఏమీ వినపడలేదు.

ఈ పొద్దుటికి రెండు వందల డెబ్బై ఒక్క రోజులు. మూడు రోజులు నాకు జ్వరం, మోయలేదు. ఆమె కొట్టేసినవి తొమ్మిది. చెల్లినవి రెండు వందల యాభై తొమ్మిది బిందెలు. నేనింకా ఉన్న బాకీ నూట యాభై మూడు.